పని మీద ధ్యాస, చెవిలో సంగీతం

పనిలో ఉన్న మనిషికి ఏదో ఒక చప్పుడు తోడుండటం చాలా పాత అలవాటు. ఆ చప్పుడును కొలిచి, వేళలు పెట్టి, పని చురుగ్గా సాగడం కోసం బయటి నుంచి తెచ్చి వినిపించడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. అది ముఖ్యంగా ఇంగ్లండు ఫ్యాక్టరీలలో, ఆ వెంటనే అమెరికాలో స్థిరపడింది. ఈ చరిత్రలో గమనించవలసిన మలుపు ఒకటుంది. పాటను పనిలోకి పిలిచిన ఈ ఫ్యాక్టరీలే అంతకు నూరేళ్ల ముందు దాన్ని గుమ్మం బయట నిలబెట్టాయి.

చేతిపని కాలంలో పాట పనిలో భాగంగానే ఉండేది. స్కాట్లండు పశ్చిమ దీవులలో నేసిన ఉన్ని బట్టను దట్టం చేయడానికి ఆడవాళ్లు పొడుగాటి బల్లకు రెండు వైపులా కూర్చునేవారు. తడిపిన బట్టను బల్లకేసి కొడుతూ, పక్కవారికి జరుపుతూ గేలిక్ భాషలో పాడేవారు. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావారు పల్లవి అందుకునేవారు. బట్ట బల్లకు తగిలే దెబ్బే తాళం. బట్టను ఇంకెంతసేపు కొట్టాలన్నది గడియారంతో కాక ఇన్ని పాటలని లెక్క చెప్పుకునేవారు. తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. ఒకే రోటి చుట్టూ ఇద్దరు ముగ్గురు నిలబడి దంచేటప్పుడు పాట తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. దంపుడు పాట అలసట మరిపించడానికే కాదు, ఎవరి పోటు ఎప్పుడు పడాలో చెప్పడానికి కూడా. ఇలాంటి చోట పాట కూడా ఒక పనిముట్టే. దాన్ని ఎత్తుకునేదీ ఆపేదీ పనిచేసే మనిషే.

ఆవిరి యంత్రం వచ్చాక పని తాళం మనిషి చేతిలోంచి జారిపోయింది. మాంచెస్టర్ దగ్గర టిల్డ్స్‌లీలో ఒక నూలు మిల్లు 1823లో పెట్టిన జరిమానాల పట్టిక నేటికీ చరిత్ర పుస్తకాలలో కనిపిస్తుంది. ఈల వేస్తూ దొరికిన పనివాడు ఒక షిల్లింగు కట్టాలి. కిటికీ తెరిచి ఉంచినవాడికీ అంతే. నూలు పోగు తెగకుండా గదిని వేడిగా, తేమగా ఉంచేవారు కాబట్టి కిటికీ మీద ఆంక్షకు యజమాని దృష్టిలో ఒక కారణముంది. ఈల మీద ఆంక్షకు అలాంటి కారణం కనిపించదు. పాడే మనిషి ధ్యాస పని మీద ఉండదనీ, పాట అంటే సోమరితనమనీ మిల్లు యజమానులు నమ్మారు. ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలా ఫ్యాక్టరీలలో ఈల, కూనిరాగం, ముచ్చట్లు తప్పుల కిందే లెక్కయ్యేవి.

నేత షెడ్లలో నిషేధం అవసరమే రాలేదు. లాంకషైర్ మరమగ్గంలో చెక్కతో చేసిన నాడె నిమిషానికి రెండు వందల సార్లకు అటూ ఇటూగా ఒక అంచు నుంచి మరో అంచుకు దూసుకుపోయేది. ప్రతిసారీ అటు తోలు పట్టీల దెబ్బ, ఇటు పెట్టెకు తగిలిన దెబ్బ. ఒక్కొక్క పనివాడు సాధారణంగా నాలుగు మగ్గాలు చూసుకునేవాడు, ఒక షెడ్డులో వందల మగ్గాలుండేవి. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిచే వీధిలో ఒక్క పూట ఉన్నవారికి ఈ హోరు గురించి వేరే చెప్పనక్కరలేదు. పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. లాంకషైర్ నేతగత్తెలు దీనికొక ఉపాయం కనిపెట్టారు. గొంతు పెగల్చకుండా పెదవులను బాగా సాగదీసి, ముఖకవళికలు జోడించి, ఒకరితో ఒకరు దూరం నుంచే కబుర్లు చెప్పుకునేవారు. ఈ భాషకు ‘మీ-మాయింగ్’ అని పేరు. ఏళ్ల తరబడి మగ్గాల మధ్య గడిపినవారికి చెవుడు రావడం మామూలే. ఇంటికి వెళ్లాక కూడా వాళ్లు ఎదుటివారి పెదవులు చూసే మాట గ్రహించేవారు.

ఈ హోరుకూ పనికీ ఉన్న సంబంధాన్ని లెక్క కట్టే ప్రయత్నం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఊపందుకుంది. తూటాల ఫ్యాక్టరీలలో అలసట ఎంత నష్టం తెచ్చిందో చూసిన బ్రిటిష్ ప్రభుత్వం 1918లో పారిశ్రామిక అలసటపై ఒక పరిశోధనా మండలిని ఏర్పాటు చేసింది. 1929లో దాని పేరులో అలసట పోయి ఆరోగ్యం చేరింది. ఈ మండలి కోసం వెస్టన్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు నేతగాళ్ల చెవుల్లో బిరడాలు పెట్టి నేసిన బట్టను కొలిచారు. 1932లో వెలువడిన వారి నివేదిక ప్రకారం హోరు తగ్గిన మేరకు పని కొద్దిగా పెరిగింది. మగ్గం తన వేగంతో తాను నడుస్తుంది కాబట్టి మొత్తం ఉత్పత్తిలో తేడా స్వల్పమే. తెగిన పోగు ముడివేయడం, కండె మార్చడం వంటివి మనిషి చురుకు మీద ఆధారపడతాయి. ఆ పనుల్లో తేడా స్పష్టంగా కనిపించింది. అంటే అప్పటికి శాస్త్రం చెప్పినది ఒకటే, చప్పుడు పనికి శత్రువు.

అదే మండలిలో వ్యాట్ అనే పరిశోధకుడు మరో వైపు నుంచి వెతుకుతున్నాడు. ఆయన పట్టుకున్న సమస్య విసుగు. రోజంతా చేసిందే చేస్తూ ఉండే పనిలో చేతులకు అలవాటైపోతుంది, మనసుకు మాత్రం చేయడానికి ఏమీ ఉండదు. అది గడియారం వైపు చూస్తుంది. షిఫ్టు నడిమి గంటల్లో పని మందగిస్తుంది. ఒళ్లు అలిసి కాదు, మనసుకు తోచక. వ్యాట్, లాంగ్డన్ కలిసి 1937లో ప్రచురించిన నివేదిక కోసం క్రాకర్లు చుట్టే ఆడవాళ్లను గమనించారు. క్రిస్మస్ విందులో రెండు వైపులా లాగితే టప్పున పేలే కాగితపు గొట్టాలవి. కాగితం పరవడం, చుట్టడం, మడవడం, కట్టడం, పక్కన పెట్టడం, మళ్లీ కాగితం పరవడం. ఆ గదిలో గ్రామఫోను పెట్టి కొన్ని వారాలు సంగీతం వినిపించారు, కొన్ని వారాలు ఆపేశారు, వేళలు మార్చి చూశారు. సంగీతం ఉన్నంతసేపూ పని పెరిగింది. ఆ పనివాళ్లు దాన్ని ఇష్టపడ్డారు కూడా. ఎంత మంచి రికార్డులైనా రోజంతా మోగిస్తే చెవికి అలవాటైపోతాయి కాబట్టి, విసుగు ముదిరే వేళ చూసి కాసేపు వినిపించడమే మేలని తేలింది.

ఈ నివేదిక మరో సమయంలో వచ్చి ఉంటే బీరువాలో పడి ఉండేదేమో. మూడేళ్లకు దాని అవసరం వచ్చిపడింది. 1940 మే నెలాఖరులో బ్రిటిష్ సైన్యం డన్‌కర్క్ తీరం నుంచి ఆయుధాలు, వాహనాలు వదిలేసి ప్రాణాలతో బయటపడింది. పోయిన తుపాకులు, ట్యాంకులు, విమానాలు మళ్లీ తయారు కావాలి. ఫ్యాక్టరీలలో వారానికి ఏడు రోజులూ పని, రోజుకు పది పన్నెండు గంటల షిఫ్టులు మొదలయ్యాయి. మొదటి కొద్ది వారాలు ఉత్పత్తి ఎగబాకి, ఆ తర్వాత పడిపోయింది. అలసట మండలి ఇరవై ఏళ్లుగా హెచ్చరించినది అదే. అంతవరకు ఫ్యాక్టరీ ముఖం చూడని దుకాణాల అమ్మాయిలు, ఇళ్లలో పనిచేసినవారు, గృహిణులు లక్షల సంఖ్యలో లేత్‌ల ముందుకు, ఫ్యూజులు బిగించే బల్లల ముందుకు వచ్చారు. 1941 డిసెంబరు చట్టంతో ఆడవాళ్లను కూడా నిర్బంధంగా యుద్ధసేవకు పిలిచారు.

ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధవిరమణ మీద సంతకం చేసిన మర్నాడు, 1940 జూన్ 23 ఆదివారం నాడు, బి.బి.సి. ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ అనే కార్యక్రమం ప్రారంభించింది. పని చేసుకుంటూ వినే సంగీతమని పేరులోనే ఉంది. ఉదయం పదిన్నరకు అరగంట, మధ్యాహ్నం మూడింటికి అరగంట. రెండూ విసుగు ముదిరే వేళలే. తర్వాత రాత్రి షిఫ్టు కోసం మరో అరగంట చేర్చారు. ఒక రోజు సైనిక బ్యాండు, ఒక రోజు డాన్స్ బ్యాండు, ఒక రోజు సినిమా హాలు ఆర్గన్, ఏదైనా సరే అరగంట ఆగకుండా సాగాలి. మొదలుపెట్టడానికి, ముగించడానికి ఎరిక్ కోట్స్ కూర్చిన ‘కాలింగ్ ఆల్ వర్కర్స్’ వినిపించేవారు. ఆయన భార్య రెడ్ క్రాస్ కేంద్రంలో కుట్టుపని చేసేది. పనికి తగ్గ హుషారైన బాణీ ఒకటి కావాలన్న ఆమె మాటే ఆ రచనకు ప్రేరణ అంటారు.

కార్యక్రమం విని బాగుందనిపించుకోవడం ఒక ఎత్తు, పనికి అక్కరకు రావడం మరో ఎత్తు. ఈ తేడా పట్టుకున్నవాడు విన్‌ఫర్డ్ రేనాల్డ్స్. స్వయంగా బ్యాండు నడిపిన ఆయనకు 1941లో బి.బి.సి. ఈ కార్యక్రమం బాధ్యత అప్పగించింది. ఆయన ఫ్యాక్టరీలకు వెళ్లి, పనివాళ్ల మధ్య నిలబడి తన సంగీతం ఎలా వినిపిస్తోందో విన్నాడు. స్టూడియోలో విన్నదానికీ అక్కడ విన్నదానికీ పోలికే లేదు. పైకప్పు దూలాలకు వేలాడే బాకా లౌడ్‌స్పీకర్లలో మంద్రం వినపడదు, తారస్థాయి బీటలు వారుతుంది. మధ్యలో ఉన్న రాగం ఒక్కటే యంత్రాల మీదుగా చెవిని చేరుతుంది. వయొలిన్ల మృదువైన చోట్లు లేత్‌ల చప్పుడులో మునిగిపోతే, సంగీతం ఆగిపోయిందనుకుని పనివాళ్లు తల ఎత్తి చూస్తారు. ఆ తల ఎత్తడమే రాకూడదు.

బ్యాండ్ల వాళ్లకు ఆయన పెట్టిన నియమాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. రాగం స్పష్టంగా ఉండాలి, అందరికీ తెలిసినదై ఉండాలి. లయ నిలకడగా ఉండాలి, ఉన్నట్టుండి వేగం పెరగడం, తగ్గడం కూడదు. ధ్వని మొదటి నుంచి చివరిదాకా ఒకే మట్టంలో సాగాలి. డోళ్ల ఒంటరి విన్యాసాలు, ఉధృతమైన జాజ్ వద్దు, ఫ్యాక్టరీలో అవి మరింత హోరుగా మాత్రమే మిగులుతాయి. జోకొట్టే మందగతి పాటలూ వద్దు. పాటకూ పాటకూ మధ్య ప్రకటనలు ఉండవు. గాయకుల గొంతును దాదాపు పూర్తిగా పక్కన పెట్టారు, మాట వినిపిస్తే చెవి అటు తిరుగుతుందని.

ఒక్క పాట సంగతి దగ్గరగా చూస్తే ఈ పట్టింపు ఎంత లోతైనదో అర్థమవుతుంది. ‘డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సస్’ అప్పట్లో అందరి నోటా ఆడిన అమెరికన్ పాట. హుషారైనది, లయ నిలకడైనది, రేనాల్డ్స్ కోరిన లక్షణాలన్నీ ఉన్నవే. కానీ దాని పల్లవిలో ఒకచోట వాయిద్యాలు ఆగి నాలుగు చప్పట్లు పడతాయి. పాట తెలిసిన మనిషి ఆ చోట చప్పట్లు కొట్టకుండా ఉండలేడు. ఫ్యాక్టరీలో చేతులు ఖాళీగా ఉండవు. చేతిలో పానా ఉంటే పానాతో, సుత్తి ఉంటే సుత్తితో ముందున్న బల్ల మీదో లోహం మీదో నాలుగు దెబ్బలు వేస్తారు. వందల మంది ఒక్కసారిగా. పనిముట్లు పాడవుతాయని, పని ఆగుతుందని ఆ పాటను ఈ కార్యక్రమం నుంచి తీసేశారు. పాట పని చేసే చేతిని పట్టుకున్న క్షణమిది. దంపుడు పాటకు అదే బలం, ఇక్కడ అదే దోషమైంది.

గాయకులను తీసేసినంత మాత్రాన పాట పోలేదు. తెలిసిన రాగం మోగితే మాటలు పనివాళ్లే అందించేవారు. ముఖ్యంగా ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న బిగింపు గదుల్లో లౌడ్‌స్పీకర్ ఎత్తుకున్న రాగాన్ని వరస మొత్తం పాడేది. మరమగ్గాలు మింగేసిన సామూహిక గానం ఆ కొద్ది ఏళ్లు ఇలా మరో దారిలో తిరిగి వచ్చింది. ఫ్యాక్టరీ సంగీతాన్ని యాజమాన్యాల ఎత్తుగడగా మాత్రమే చూపే రచనలు ఈ సంగతిని విడిచిపెడతాయి. అది పొరపాటు. బాంబుల కాలంలో, ఊరుగాని ఊళ్లో, పన్నెండు గంటల షిఫ్టులో ఉన్న మనిషికి ఆ అరగంట రోజును రెండుగా విరిచే గట్టి ఆసరా. అరగంటల మధ్య ఖాళీలో చాలా ఫ్యాక్టరీలు సొంత గ్రామఫోను రికార్డులు వేసుకునేవి. 1941 మే నుంచి బి.బి.సి. కళాకారులను నేరుగా ఫ్యాక్టరీ క్యాంటీన్లకే పంపి భోజనవేళ ‘వర్కర్స్ ప్లేటైమ్’ ప్రసారం చేసింది. అది వినడానికి, నవ్వడానికి. ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ పని మీదే ధ్యాస ఉంచడానికి. రెండింటినీ బి.బి.సి. ఎన్నడూ కలపలేదు.

అమెరికాలో ఇదే పని ఒక కంపెనీ చేతిలో పడింది. సైన్యంలో సిగ్నల్ విభాగానికి అధిపతిగా ఉన్న జార్జ్ ఓవెన్ స్క్వయర్, ఒకే తీగ మీద ఒకేసారి పలు సంకేతాలు పంపే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఆధారంతో తీగల మీదుగా సంగీతం అమ్మే వ్యాపారం 1920లలో మొదలైంది. ఫొటోల కంపెనీ కొడాక్ పేరు నచ్చి, మ్యూజిక్ అనే మాటకు దాని తోక తగిలించి, 1934లో ‘మ్యూజాక్’ అని పేరు పెట్టాడు. ఆ ఏడే ఆయన చనిపోయాడు. హోటళ్లు, భోజనశాలలలో స్థిరపడిన మ్యూజాక్ యుద్ధకాలంలో ఆయుధ ఫ్యాక్టరీలకు, ఆ తర్వాత ఆఫీసులకు చేరింది. వేగం, లయ, వాయిద్యాలు, బృందం పరిమాణం చూసి ఒక్కొక్క పాటకు ఇంత ఉత్తేజమని అంకె వేసేవారు. తక్కువ అంకె నుంచి ఎక్కువ అంకెకు పదిహేను నిమిషాలు ఎక్కించి, తర్వాత పదిహేను నిమిషాలు నిశ్శబ్దం. ఉదయం, మధ్యాహ్నం పని కుంగే వేళలకు అంకెలు పెంచేవారు. గాయకులు లేరు, వాయిద్యాల పదును కూడా తగ్గించారు. రేనాల్డ్స్ చెవితో విని చేసినది ఇక్కడ పట్టికగా మారింది. ఆ మార్పులో ఏదో పోయింది కూడా. బి.బి.సి. బ్యాండును పనివాళ్లు పేరుతో గుర్తుపట్టేవారు. మ్యూజాక్‌ను వాయించినవారెవరో వినేవారికి తెలియదు.

లెక్కలు ఎప్పుడూ మ్యూజాక్ చెప్పినంత సూటిగా రాలేదు. అమెరికాలో 1947లో వెలువడిన ఒక పరిశోధనలో పగటి షిఫ్టు కంటే రాత్రి షిఫ్టులో సంగీతం ఎక్కువ మేలు చేసినట్లు తేలింది. 1949లో మెక్‌గీ, గార్డ్‌నర్ తివాచీల ఫ్యాక్టరీలో నైపుణ్యం కావలసిన పనిని పరిశీలిస్తే ఉత్పత్తిలో తేడా కనిపించలేదు. అయినా సంగీతం కావాలన్నారు పనివాళ్లు. మనసు ఖాళీగా ఉండే పనికే ఇది మందని, మనసు పెట్టే పనికి కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు. 1937 నివేదిక సారం కూడా అదే.

ఇంగ్లండులో ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ యుద్ధం ముగిశాక కూడా ఇరవై రెండేళ్లు సాగింది. ఇళ్లలో వంట చేసుకుంటూ, బట్టలు ఉతుక్కుంటూ వినేవారు ఫ్యాక్టరీల వాళ్లకు తోడయ్యారు. 1967 సెప్టెంబరు 29న, బి.బి.సి. లైట్ ప్రోగ్రాం మూతపడే వేళకు, దాన్ని ఆపేశారు. అప్పటికి కొత్త కష్టం మరోచోట తలెత్తింది. 1950ల చివర జర్మనీలో ష్నెల్ సోదరులు గోడలు తీసేసి, బల్లలను ఒకే పెద్ద హాలులో పరిచే ఆఫీసు రూపకల్పన తెచ్చారు. అది త్వరలోనే దేశదేశాలకు వ్యాపించింది. ఇక్కడ యంత్రాల హోరు లేదు, విసుగూ ఫ్యాక్టరీలో ఉన్నంత లేదు. పక్క బల్ల దగ్గరి ఫోను మాటలు మాత్రం స్పష్టంగా వినిపిస్తాయి. హాలు నిశ్శబ్దంగా ఉన్నకొద్దీ అవి మరింత స్పష్టం. దీనికి విరుగుడుగా పైకప్పు పలకల వెనుక లౌడ్‌స్పీకర్లు దాచి, గాలి వీస్తున్నట్టుండే సమమైన హోరును సన్నగా వదలడం మొదలైంది. రాగం లేదు, లయ లేదు. మాటను మింగేయడం ఒక్కటే దాని పని. లాంకషైర్‌లో మాటను మింగిన హోరు శాపమైతే, ఇక్కడ అదే పనిని డబ్బు పెట్టి చేయించుకున్నారు.

మాట ఎందుకంత చెరుపు చేస్తుందో తర్వాతి ప్రయోగాలు చూపాయి. 1976లో కోల్, వెల్ష్, 1982లో సలామే, బాడ్లీ చేసిన పరీక్షలలో, వరసగా చూపిన అక్షరాలనో అంకెలనో గుర్తుంచుకోవలసిన వారికి పక్కనుంచి మాటలు వినిపిస్తే తప్పులు పెరిగాయి. పట్టించుకోవద్దని చెప్పినా పెరిగాయి, తెలియని భాషలోని మాటలైనా పెరిగాయి. ఒకే తీరుగా సాగే హోరు అంత చెరుపు చేయలేదు. గాయకులను పక్కన పెట్టమన్న రేనాల్డ్స్ నియమానికి ముప్పై నలభై ఏళ్ల తర్వాత దొరికిన సమర్థన ఇది.

ఆఫీసు పైకప్పులో దాచిన హోరు మనిషి చేతికి వచ్చింది రికార్డు రూపంలో. 1969లో అమెరికాలో ఇర్వ్ టైబెల్ ‘ఎన్విరాన్‌మెంట్స్’ అనే పేరుతో మొదటి గ్రామఫోను రికార్డు విడుదల చేశాడు. ఒక వైపంతా సముద్రపు అలల చప్పుడే. సముద్రం దగ్గర ధ్వని పట్టితే రికార్డులో అది సముద్రంలా వినిపించకపోవడంతో, ఐ.బి.ఎం. 360 కంప్యూటర్ మీద లూయీ గెర్‌స్ట్‌మన్ సాయంతో దాన్ని సవరించాడు. చదువుకునేవారు, రాసుకునేవారు, నిద్ర పట్టనివారు దాన్ని కొన్నారు. పాటలోంచి మొదట పాడే గొంతు పోయింది, తర్వాత ఉధృతి పోయింది, ఇప్పుడు రాగమే పోయి అల ఒక్కటి మిగిలింది.

1979లో సోనీ వాక్‌మన్ రావడంతో ఏ చప్పుడు, ఎంతసేపు అన్నది మళ్లీ పనిచేసే మనిషి చేతికి వచ్చింది. ఇప్పుడు హైదరాబాదు ఆఫీసుల్లో ఒకే వరసలో కూర్చున్నవారిలో ఒకరి చెవిలో వాన, ఒకరి చెవిలో వీణ, మరొకరి చెవిలో కాఫీ హోటల్ సందడి ఉండవచ్చు. కాఫీ హోటల్ సందడి ఉత్తమాట కాదు. 2012లో రవి మెహతా, జూలియట్ ఝు, అమర్ చీమా ప్రచురించిన ప్రయోగాలలో కొత్త ఆలోచనలు కావలసిన పనికి 50 డెసిబెల్స్ చప్పుడు కంటే 70 డెసిబెల్స్ సందడి మేలు చేసింది, 85కు పెంచితే ఆ మేలు పోయింది. ఆ వరసలో ఎవరు ఏం వింటున్నారో పక్కవారికి వినపడదు. ఒకరితో ఏదైనా చెప్పాలంటే బల్ల మీద తట్టి, ఇయర్‌ఫోన్ తీసేదాకా ఆగి, అప్పుడు చెబుతారు.